చెన్నైలో రెప్లికా స్పోర్ట్స్ కారు: కొనేముందు ఏం చూడాలి, ఎలా నడిపి చూడాలి

పేరున్న స్పోర్ట్స్ కారు ఆకారాన్ని ఫైబర్ గ్లాసుతో తీర్చి, వేరే కారు ఇంజను, గేర్‌బాక్సుల మీద కూర్చోబెట్టిన బండిని రెప్లికా అంటున్నాం. 1957 నాటి లోటస్ సెవెన్‌కు, 1962 నాటి ఏసీ కోబ్రాకు, పోర్షే 356 స్పీడ్‌స్టర్‌కు విదేశాల్లో దశాబ్దాలుగా ఇలాంటి నకళ్లు తయారవుతున్నాయి. స్పీడ్‌స్టర్ నకళ్లలో చాలావాటికి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అడుగుభాగమే ఆధారం. మన దగ్గర సాధారణంగా కనిపించేవి పాత సెడాన్ల మీద కట్టినవి. ఎరుపు రంగూ పైకి లేచే తలుపులూ ఎంత ఆకట్టుకున్నా, మీరు డబ్బు పెట్టేది లోపలున్న ఆ పాత కారుకూ, దాన్ని కోసి అతికించిన వెల్డర్ పనితనానికీ, వాటి కాగితాలకూ అన్న సంగతి బేరం మొదలుపెట్టే ముందే మనసులో ఉంచుకోవాలి.

అందుకే కారు దగ్గరికి వెళ్లకముందే ఆర్‌సీ అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే తయారీదారు, మోడల్, ఇన్సూరెన్సు గడువు వంటి వివరాలు తెలుస్తాయి. ఆర్‌సీలో అయిదు సీట్ల సెడాన్ అని ఉండి, ఎదురుగా రెండు సీట్ల బండి నిలబడి ఉందంటే అక్కడే ఆగి ఆలోచించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చే హక్కు యజమానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, చట్టం అనుమతించని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పైగా, మార్పుల సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా దాచిపెడితే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ నిలబడడం కష్టం. “ఆర్‌టీఓలో మనకు తెలిసినవాళ్లున్నారు సార్, అంతా చూసుకుంటాం” అనే అమ్మకందారు మాటను ఏ మాత్రం నమ్మవద్దు. కాగితాలు సరిపోలకపోతే ఆ కారును రోడ్డు మీద తిరగడానికి కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ప్రైవేటు స్థలంలోనో, ట్రాక్ మీదో వాడుకోదలిస్తే అది వేరే లెక్క, ధర కూడా ఆ లెక్కలోనే ఉండాలి.

కాగితాల తరువాత చూడవలసింది కారు అడుగుభాగం. లిఫ్ట్ ఉన్న గ్యారేజీకి, మీకు నమ్మకమున్న మెకానిక్‌తో సహా వెళ్లండి. చెన్నై సముద్రపు గాలి ఇనుమును త్వరగా తినేస్తుంది. నీలాంకరై, పాలవాక్కం వంటి తీరప్రాంతాల్లో ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన బండి అయితే మరీనూ. ఫైబర్ తుప్పు పట్టదు కనుక పైన బాడీ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలి ఇనుప గొట్టాలు మాత్రం పెచ్చులూడుతుంటాయి. వెల్డింగ్ అతుకుల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అడుగున తాజాగా పూసిన నల్లటి అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా వేసే పూత) కనిపిస్తే ఏం దాచారోనని అనుమానించాలి. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులోనూ నగరంలో అనేక బండ్లు మునిగాయి కాబట్టి, సీటు పట్టాల కింద, కార్పెట్ మడతల్లో ఎండిన బురద ఉందేమో వేలు పెట్టి చూడండి.

సీటు బెల్టును బిగించిన బోల్టు ఎక్కడికి వెళ్తుందో కనిపెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. నేను దగ్గరగా చూసిన ఒక బండిలో ఆ బోల్టు ఇనుప ఫ్రేములోకి కాకుండా నేరుగా ఫైబర్ పలకలోకి దిగి ఉంది. చుట్టూ సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు అప్పటికే వచ్చి ఉన్నాయి. గట్టిగా బ్రేకు పడితే ఆ బెల్టు ఊడి చేతికొస్తుంది. అలాంటి కారును నడిపి చూడనే వద్దు.

నడిపి చూసేందుకు వెళ్లినప్పుడు ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వెళ్లగానే ఇంజను మూత మీద చెయ్యి పెట్టి చూడండి. ముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగ్ ఇబ్బందులు బయటపడవు. స్టార్ట్ చేశాక ఏసీ వేసి, కనీసం పావుగంట నిలబెట్టి, టెంపరేచర్ ముల్లు మీద కన్నుంచండి. ముందుండవలసిన ఇంజనును వెనక్కి మార్చిన బండ్లకు గాలి సరిగా ఆడదు, అందువల్ల మే నెలలో మౌంట్ రోడ్డు సిగ్నళ్ల దగ్గర ఆ లోపం పెద్ద ఖర్చుగా మారుతుంది. కాగితాలు సరిగా ఉండి, ఇన్సూరెన్సు అమల్లో ఉంటే తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నడపండి. లేకపోతే ట్రెయిలర్ మీద తీసుకెళ్లి, నిర్వాహకుల అనుమతితో ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ లాంటి చోట నడిపి చూడడమే దారి. మొదట స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, వెడల్పాటి టైర్లు బాడీకి రాసుకుంటున్నాయేమో వినండి. తరువాత 40 కిలోమీటర్ల వేగం నుంచి బ్రేకు వేసి, బండి ఒక పక్కకు లాగుతోందా, వెనుక చక్రాలు ముందుగా పట్టేసుకుంటున్నాయా గమనించండి, ఎందుకంటే ఇంజను చోటు మారితే బరువు మారుతుంది, ముందు, వెనుక చక్రాల మధ్య బ్రేకు బలం పంపిణీ మాత్రం చాలాసార్లు పాతదే ఉండిపోతుంది. స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా ఎక్కించినప్పుడు తలుపులు కిరకిరలాడితే ఫ్రేము మెలి తిరుగుతోందన్నమాట. పెట్రోలు వాసన వస్తే వెంటనే ఆపేయండి.

విడిభాగాల విషయం త్వరగా తేలిపోతుంది: ఆధార కారు ఇంజను సామాన్లు నగరంలోని పాత విడిభాగాల బజారైన పుదుపేటలో దొరకవచ్చు, కానీ ముందు అద్దం ఏ కారుదో, పగిలితే ఎక్కడ దొరుకుతుందో అమ్మేవారినే అడిగి రాయించుకోవాలి.

మెకానిక్ రిపోర్టు చేతికి రాకుండా టోకెన్ అడ్వాన్సు ఇవ్వవద్దు. బేరం కుదిరాక యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉంటే దాన్ని ఆర్‌సీ నుంచి తీయించడానికి బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో ఫారం 35, బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 కింద ఎన్‌ఓసీ తీసుకుని, చేసిన మార్పులన్నీ పేరు పేరునా రాసిన అమ్మకపు పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేసిన తరువాతనే మిగతా సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లించండి.