క్యావిటీ గోడ కింద స్టీల్ బీమ్: డ్రాయింగ్ ఎలా చదవాలి

ఇంగ్లండ్‌లో ఇంటి వెనక గోడ కింది భాగం తీసి, పై గోడను స్టీల్ బీమ్ మీద నిలిపి వంటగది పెంచుకుంటుంటే, ఇంజినీర్ ఇచ్చిన డ్రాయింగ్‌లో ముందు సెక్షన్ (గోడను అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ) చూడండి. అక్కడి గోడ సాధారణంగా రెండు పొరలు: బయట 102.5 మి.మీ. ఇటుక, లోపల 100 మి.మీ. బ్లాకు, మధ్యలో 50 నుంచి 100 మి.మీ. ఖాళీ (క్యావిటీ). ఏ పొర బరువు ఏ స్టీలు మీదికి దిగుతోందో పెన్సిల్‌తో గీసుకోండి. మిగతావన్నీ దాన్ని బట్టే అర్థమవుతాయి.

‘203×203×46 యూసీ’ అంటే యూనివర్సల్ కాలమ్ అనే హెచ్ ఆకారపు స్టీలు: ఎత్తు, వెడల్పు రెండూ సుమారు 203 మి.మీ., బరువు మీటరుకు 46 కిలోలు. ఎస్355 అని రాసినచోట అంతకన్నా తక్కువ బలం ఉన్న ఎస్275 స్టీలు వాడనివ్వకండి.

ఒకే బీమ్ అయితే దాని మీద ప్లేటు ఉంటుంది. ఖాళీ 100 అనుకుంటే గోడ మందం 302.5 మి.మీ.; 203 వెడల్పు ఫ్లాంజ్ (బీమ్ పైనున్న చదునైన పట్టీ) చాలదు. అందుకే 280×10 ప్లేటు వెల్డ్ చేస్తారు. బీమ్ గోడ మధ్యగీత మీద ఉంటే ఇటుక పొరలో 53 మి.మీ. ఫ్లాంజ్ మీద, 38 మి.మీ. ప్లేటు అంచు మీద కూర్చుంటుంది, 11 మి.మీ. బయటికి ఉంటుంది. లోపల సీలింగ్ పని కలిసొస్తుందని బీమ్‌ని 40 మి.మీ. లోపలికి జరిపితే ఫ్లాంజ్ మీద మిగిలేది 13 మాత్రమే. బరువంతా ప్లేటు అంచు మీద పడి బీమ్ మెలి తిరుగుతుంది, పైన ఇటుకల మధ్య పగుళ్లొస్తాయి. మధ్యగీత నుంచి ఇచ్చిన కొలతను ఎవరు మార్చమన్నా ఇంజినీర్‌ని అడగకుండా మార్చకూడదు.

వెల్డింగ్ గుర్తు ‘6 మి.మీ., 100/200’ అని ఉంటే, 100 ఒక్కో వెల్డ్ పొడవు; 200 అన్నది రెండు వెల్డ్‌ల మధ్య ఖాళీయా, మధ్య నుంచి మధ్యకు దూరమా అని అడిగి రాయించుకోండి. రెండింటికీ వెల్డ్ పొడవులో చాలా తేడా ఉంది.

రెండు బీమ్‌లుంటే ఒక్కో పొరకు ఒక్కోటి. పై అంతస్తు జాయిస్టులు (నేలను మోసే దూలాలు) సాధారణంగా లోపలి పొర మీదే ఆనుతాయి కాబట్టి లోపలి బీమ్ బరువైనదై ఉండొచ్చు, తారుమారు కానివ్వకండి. రెండు బీమ్‌లను కలిపే బోల్టుల మీద ట్యూబ్ స్పేసర్లు (మధ్య దూరం నిలిపే గొట్టాలు) తప్పనిసరి. అవి లేకుండా బిగిస్తే బీమ్‌లు ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి.

బీమ్ చివరలు మామూలుగా ఒక్కోవైపు కనీసం 150 మి.మీ. ప్యాడ్‌స్టోన్ (బరువును గోడకు పంచే గట్టి దిమ్మ) మీద ఆనాలి. ఒంటి బీమ్ సగం ఖాళీ మీదే ఉంటుంది కనుక ప్యాడ్‌స్టోన్ రెండు పొరలనూ కలుపుతోందో లేదో చూడండి. చాలామంది దీన్నే వదిలేస్తారు.

స్టీలు పైన క్యావిటీ ట్రే (గోడ ఖాళీలోకి వచ్చిన నీటిని బయటికి మళ్లించే పొర) గీసి ఉండాలి: లోపలివైపు కనీసం 150 మి.మీ. ఎత్తుగా, బయట 900 మి.మీ. లోపు ఒక్కో నీటి రంధ్రం. లేకపోతే వాన నీరు స్టీలు మీద చేరి తుప్పు పడుతుంది.

4 మీటర్ల ఈ బీమ్ 184 కిలోలు, ప్లేటు మరో 88. ఎత్తే ఏర్పాటు ముందే అడగండి. గోడకీ ప్లేటుకీ మధ్య సందులో గట్టి మోర్టార్ కూరి, అది గట్టిపడ్డాకే ప్రాప్‌లు (పని సాగేటప్పుడు గోడను మోసే తాత్కాలిక ఊతాలు) తీయాలి. బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసే విభాగం) అధికారి స్టీలు, ప్యాడ్‌స్టోన్లు చూశాకే ఫైర్ బోర్డు (మంటను తట్టుకునే బోర్డు)తో మూయించండి.