వ్యోమనౌకలో చప్పుడు తగ్గించడం – 4వ పాఠం: ముందు ఏ చప్పుడు పట్టుకోవాలి?

ఇంట్లో చప్పుళ్లని ఫోన్‌లోని చప్పుడు మీటర్ యాప్‌తో కొలవమని పోయినసారి ఇచ్చిన పని చాలామంది చేశారు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి రీడింగులు వచ్చాయి. గుణుపురం నుంచి డిప్లొమా చదువుతున్న ఒక అమ్మాయి పంపినవి మాత్రం ఈ పాఠానికి సరిగ్గా సరిపోయాయి. గదిలో కూలర్ ఒక్కటే నడిస్తే ఫోన్ మీటర్‌లో 64 డెసిబెల్స్. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే అయితే 52. రెండూ కలిపి వేసినా ముల్లు 64 దగ్గరే ఉంది. "ఫ్యాన్ చప్పుడు ఎక్కడికి పోయింది సార్? నా ఫోన్ పాడైందా?" అని అడిగింది.

ఫోన్ బాగానే ఉందమ్మా. డెసిబెల్స్‌ని మామూలు అంకెల్లా కూడకూడదు, అంతే. ప్రతి రీడింగునీ 10తో భాగించి, వచ్చినదాన్ని 10కి ఘాతంగా వేయండి. అలా వచ్చిన సంఖ్యల్ని కూడి, మొత్తానికి లాగ్ తీసి 10తో గుణించండి. 64, 52 కలిపితే 64.3 వస్తుంది. ఆ 0.3 తేడా ఫోన్ మీటర్‌కి అందదు. కాలిక్యులేటర్ చేతిలో లేనప్పుడు ఇంత గుర్తుంటే చాలు: రెండూ సమానమైతే పెద్దదానికి 3 కలుపుకోండి, తేడా 6 ఉంటే 1 కలుపుకోండి, తేడా 10 దాటితే చిన్నదాన్ని వదిలేయండి.

ఇప్పుడు ఇదే లెక్కను నౌకలోకి తీసుకెళ్దాం. ఒక క్యాబిన్‌లో గాలి ఫ్యాన్ 60, నీళ్ల పంపు 54, ఎలక్ట్రానిక్స్ పెట్టె 50 అనుకుందాం (ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు). మొత్తం 61.3. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పనిచేసే చోట చప్పుడు ఎన్‌సీ-50 గీత (ఎన్‌సీ అంటే నాయిస్ క్రైటీరియా, ఎంత చప్పుడు ఒప్పుకోవచ్చో చెప్పే హద్దు) దాటకూడదని, పడుకునే చోట ఎన్‌సీ-40 దాటకూడదని నియమం. ఈ గీత ఒక్క అంకె కాదు. 63 హెర్ట్జ్ (బొంగురు చప్పుడు) దగ్గర 71 డెసిబెల్స్ దాకా ఒప్పుకుంటుంది, 1000 హెర్ట్జ్ (అంతకంటే సన్నని చప్పుడు) దగ్గర 51 దాటనివ్వదు. బొంగురు చప్పుడుని మన చెవి కొంత ఓర్చుకుంటుంది కాబట్టి అలా గీశారు. ఒక్క అంకెలో చెప్పాలంటే ఎన్‌సీ-50 సుమారు 58 డీబీఏ (మన చెవి వినే తీరుకి సరిచేసిన డెసిబెల్స్), ఎన్‌సీ-40 సుమారు 49.

మన క్యాబిన్ పనిచేసే చోటు అనుకుందాం, మన అంకెలూ డీబీఏలోనే అనుకుందాం. అప్పుడు దాన్ని 61.3 నుంచి 58కి దించాలి. పంపు మీద డబ్బంతా పోసి దాన్ని పూర్తిగా నోరు మూయించారనుకోండి, మొత్తం 60.4 దగ్గరే ఆగిపోతుంది. పంపు జోలికి పోకుండా ఫ్యాన్‌ని 60 నుంచి 54కి దించితే 57.8. పని అయిపోయింది. అన్నిటికంటే పెద్ద గొంతు ఎవరిదో ముందు తేల్చుకోకుండా ఫోమ్ షీటు కొనడానికి బయల్దేరకండి.

మరి ఫ్యాన్ ఆపేస్తే పోలేదా? కుదరదు. భూమ్మీద వేడి గాలి పైకి లేస్తుంది, మనం వదిలిన ఊపిరి దానితోపాటే పోతుంది. కక్ష్యలో అలా లేవదు. గాలి కదలకపోతే నిద్రపోతున్న మనిషి ముఖం చుట్టూ తను వదిలిన కార్బన్ డయాక్సైడే పోగుపడుతుంది. అందుకే అక్కడ ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరగాల్సిందే. మన దగ్గర మిల్లులో పనిచేసే మనిషి షిఫ్టు దిగి ఇంటికొస్తే చెవికి విశ్రాంతి దొరుకుతుంది. వ్యోమగామికి ఇల్లూ మిల్లూ ఒకటే. 2000 జూలైలో అంతరిక్ష కేంద్రం కోసం వెళ్లిన రష్యా భాగం జ్వెజ్దా మాడ్యూల్‌లో చప్పుడు హద్దు దాటి ఉండేది, సిబ్బంది చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాల్సి వచ్చింది. ప్లగ్గు పరిష్కారం అంటే నేను ఒప్పుకోను. అలారం మోగినప్పుడు ఆ చెవులే వినాలి కదా.

కాబట్టి ఫ్యాన్‌ని ఆపకుండా నెమ్మది చెయ్యాలి. ఫ్యాన్ ధ్వని శక్తి దాని వేగానికి సుమారు అయిదో ఘాతంలో మారుతుంది. వేగం సగం చేస్తే 15 డెసిబెల్స్ తగ్గుతాయి. మనకు కావలసిన 6 డెసిబెల్స్‌కి వేగం 76 శాతానికి దించితే చాలు. చిక్కల్లా గాలి కూడా అదే లెక్కన 76 శాతానికి పడిపోవడం. దాన్ని పూడ్చాలంటే గాలి గొట్టం వెడల్పు చెయ్యాలి, మలుపులు తగ్గించాలి, కాస్త పెద్ద రెక్కల ఫ్యాన్ పెట్టి మెల్లగా తిప్పాలి. ఇవన్నీ డ్రాయింగ్ దశలోనే జరగాలి. నౌక తయారయ్యాక గొట్టం వెడల్పు చేద్దామంటే చోటు ఎక్కడిది?

ఫ్యాన్‌కి గాలి వెళ్లే దారిలో ఉండే జాలీకి పట్టే నూగునీ మరచిపోవద్దు. బరువు లేని చోట బట్టల నూగు కింద పడదు, గాలితో కొట్టుకొచ్చి జాలీకి అతుక్కుంటుంది. దారి మూసుకుపోయి గాలి తగ్గుతుంది, ఫ్యాన్ మోత పెరుగుతుంది. వాక్యూమ్ క్లీనర్‌తో జాలీ శుభ్రం చెయ్యడం అక్కడ చప్పుడు తగ్గించే పని కూడా.

ఫ్యాన్ తర్వాత దాని బిగింపు చూడాలి. ఇది ఇంట్లోనే చేసి చూడండి. కూలర్ ఇనుప స్టాండు మీద ఉంటే ముందు రీడింగు తీసుకోండి. తర్వాత కూలర్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, నీళ్లు ఖాళీ చేసి, పాత సైకిల్ ట్యూబు ముక్కల్ని నాలుగు మడతలు వేసి నాలుగు కాళ్ల కిందా పెట్టండి. మళ్లీ నడిపి, అదే చోట, అదే ఎత్తులో ఫోన్ పట్టుకుని రీడింగు తీసుకోండి. స్టాండు మీద అరచెయ్యి ఆనించి అదురు తగ్గిందో లేదో కూడా చూడండి. అదురు రేకులోకి ఎక్కితే రేకంతా డప్పులా మోగుతుంది. నౌకలో ఫ్యాన్‌కీ పంపుకీ కింద అదురు మింగే దిమ్మలు పెట్టేది ఇందుకే. కాకపోతే అక్కడ మన రబ్బరు, మన ఫోమ్ పనికిరావు. నిప్పంటుకోనివీ, మూసిన గదిలో విషవాయువులు వదలనివీ అని పరీక్షించిన సరుకే వాడతారు.

గాలి గొట్టం లోపల వేసే మఫ్లర్ (చప్పుడు మింగే అమరిక) సంగతి వచ్చే పాఠంలో. ఈలోపు ఈ లెక్క చెయ్యండి. ఒక క్యాబిన్‌లో నాలుగు యంత్రాలు: 62, 62, 55, 48. మొత్తం ఎంత? ఒక 62ని పూర్తిగా ఆపేస్తే ఎంతకు దిగుతుంది? 58కి రావాలంటే దేన్ని ఎంత తగ్గిస్తారు, ఎందుకు? జవాబుతో పాటు మీ కూలర్ రీడింగులు రెండూ రాసి పంపండి.