ఉబుంటులో పైథాన్ వెన్వ్ మొరాయిస్తే

వెన్వ్ (వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) అంటే ప్రాజెక్టు పక్కన ఉండే ఒక ఫోల్డరు, అంతే. సిస్టమ్ పైథాన్‌కు వేసిన ఒక లింకు, ఆ ప్రాజెక్టుకు కావలసిన ప్యాకేజీలు, కొన్ని చిన్న స్క్రిప్టులు అందులో ఉంటాయి. ఉబుంటు 24.04లో తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: పైథాన్ ప్యాకేజీలు వేసే పనిముట్టు పిప్‌తో ప్యాకేజీ వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అన్న ఎర్రర్ వస్తుంది.

సిస్టమ్ పైథాన్ మీద ఉబుంటు సొంత పనిముట్లు కొన్ని ఆధారపడి ఉన్నందున, దానిలోని ప్యాకేజీలను సిస్టమ్ ప్యాకేజీలు వేసే ఆప్ట్‌కే వదిలేయాలన్న పెప్ 668 (పైథాన్ ప్రతిపాదనల్లో ఒకటి) నియమాన్ని 2023లో ఉబుంటు 23.04, డెబియన్ 12 అమలులోకి తెచ్చాయి. "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే దారిని కూడా ఆ ఎర్రరే చూపిస్తుంది గానీ, దాని పేరే చెబుతున్నట్టు అది సిస్టమ్‌ను చెడగొట్టగలదు కనుక అటు పోవద్దు. ప్రాజెక్టు ఫోల్డరులో "పైథాన్3 -ఎం వెన్వ్ .వెన్వ్" అని ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకుని, యాక్టివేట్ చేశాక పిప్ వాడాలి.

సమస్య: ఆ కమాండే, వెన్వ్‌లో పిప్‌ను పెట్టే "ఎన్‌ష్యూర్‌పిప్" లేదంటూ ఆగిపోతుంది.

ఉబుంటు ఆ భాగాన్ని విడి ప్యాకేజీగా ఇస్తుంది. ఆప్ట్‌తో పైథాన్3-వెన్వ్ వేసి, సగంలో ఆగిన ఫోల్డరును తీసేసి మళ్లీ తయారు చేయాలి.

సమస్య: ప్రాంప్టు (కమాండు టైపు చేసే వరుస) ముందు వెన్వ్ పేరు కనబడుతున్నా మొదటి ఎర్రరే తిరిగి వస్తుంది.

అసలు చిక్కు ఇదే. ప్రాంప్టును నమ్మకుండా, ఏ పైథాన్ నడుస్తుందో చెప్పే "విచ్ పైథాన్3" అని అడగండి. జవాబు "/యూఎస్ఆర్/బిన్/పైథాన్3" అని వస్తే, పేరు తెర మీద ఉన్నా మీరు ఎన్విరాన్‌మెంట్ బయటే ఉన్నారు. నేను ఒక ప్రాజెక్టు ఫోల్డరు పేరు మార్చి, ఇది తెలియక పూట పోగొట్టుకున్నాను. యాక్టివేట్ స్క్రిప్టును తెరిచి చూస్తే "వర్చువల్ ఎన్వ్" అన్న వరుసలో పాత ఫోల్డరు పూర్తి చిరునామా అలాగే ఉంది. షెల్ (కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్) ఆ లేని చోట వెతికి, దొరకక, సిస్టమ్ పైథాన్‌ను పట్టుకుంది. చిరునామాలు దిద్దుతూ కూర్చోవడం కంటే వెన్వ్‌ను తీసేసి కొత్తది వేసుకోవడమే తేలిక. విచ్ సరైన జవాబే ఇచ్చినా ఎర్రర్ వస్తుంటే, పిప్ ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండు) పెట్టారేమో చూడండి. సుడో తన సొంత దారుల్లో వెతుకుతుంది కనుక సిస్టమ్ పిప్‌నే పిలుస్తుంది.

సమస్య: 22.04 నుంచి 24.04కు మారాక ప్యాకేజీలేవీ దొరకవు.

వెన్వ్‌లోని లింకు ఇప్పుడు పైథాన్ 3.12 వైపు చూపుతుంటే, ప్యాకేజీలు 3.10 పేరున్న ఫోల్డరులోనే ఉండిపోయాయి. రిక్వైర్‌మెంట్స్ ఫైలు (కావలసిన ప్యాకేజీల జాబితా) ఉంటే కొత్త వెన్వ్‌లో దాని నుంచే వేసుకోవచ్చు. లేకపోతే పాతదాన్ని తొందరపడి చెరిపేయకుండా, వేరే పేరుతో కొత్త వెన్వ్ తయారు చేసి, అందులోని "పిప్ ఫ్రీజ్"కు "--పాత్" ద్వారా పాత సైట్-ప్యాకేజెస్ (ప్యాకేజీలు ఉండే ఫోల్డరు) చిరునామా ఇస్తే, వెర్షన్లతో సహా జాబితా చేతికొస్తుంది.