మురుగు ఇంట్లోకి ఎదురు తన్నినప్పుడు

కడపలో వానకు భయపడే రోజులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే వస్తాయి. 2020 నవంబరులో నివర్ తుఫాను వానలకు ఊరి మధ్యగా పారే బుగ్గవంక వాగు పొంగి ఒడ్డునున్న వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. అయితే ఇంట్లోకి మురుగు రావడానికి అంత వరద అక్కర్లేదు. వీధిలోని ఛాంబర్ నిండి, అందులోని మట్టం మన బాత్రూం నేల కంటే పైకి లేస్తే చాలు, పోవలసిన నీరు అదే పైపులో వెనక్కి తిరుగుతుంది.

ముందుగా తెలిపేది చప్పుడే. పై అంతస్తులో ఎవరో స్నానం చేస్తుంటే కింద మరుగుదొడ్డిలో గుడగుడమని బుడగలు లేవడం, జాలీలోంచి నల్లటి నీరు ఉబకడం కనిపిస్తే, అడ్డు ఒక్క దొడ్డిలో కాదు, ఇల్లంతటికీ ఉమ్మడిగా ఉన్న పైపులోనో వీధిలోనో ఉందని గ్రహించాలి. వెంటనే ఇంట్లో నీటి వాడకమంతా ఆపి, పైన అద్దెకున్నవారికీ ఆ మాట చెప్పాలి. ఒకసారి మా ఇంట్లో, గట్టిగా నీళ్లు కుమ్మరిస్తే అడ్డు తొలగుతుందనుకుని నేను నాలుగు బకెట్లు పోశాను. ఆ నాలుగూ మురుగుతో కలిసి వంటింటి గడప దాకా వచ్చాయి.

నీరు ప్లగ్గుల ఎత్తుకు చేరితే అందులో అడుగు పెట్టకూడదు. మెయిన్ స్విచ్ దగ్గరకు పొడి నేల మీదుగా వెళ్లగలిగితేనే వెళ్లి ఆపాలి, లేకపోతే విద్యుత్ సిబ్బందికి చెప్పి బయటే సరఫరా ఆపించాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ నుంచి కరెంటు వస్తూనే ఉంటుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. పిల్లలను, గర్భిణులను, వృద్ధులను పొడిగా ఉన్న గదిలోకి పంపాక, మందపాటి పాలిథిన్ సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, దొడ్డి గుంటలోనూ జాలీ మీదా అదిమి పెడితే మురుగు రాక కొంత తగ్గుతుంది.

సెప్టిక్ ట్యాంకు మూత మాత్రం మీరు తీయకండి. లోపల పోగయ్యే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు, కాబట్టి వాసన తగ్గిందంటే ప్రమాదం తగ్గిందని అర్థం కాదు. మీథేన్ ఉంటుంది గనుక దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. ట్యాంకును యంత్రం ఉన్న లారీతో ఖాళీ చేయించాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఎవరైనా లోపల పడిపోతే రక్షించబోయి దిగినవారు కూడా అక్కడే కూలిపోతారు, అందువల్ల దిగకుండా అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి. వీధి లైను పని మున్సిపాలిటీ వారిది.

మురుగు తగ్గాక బూట్లు, రబ్బరు చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, కిటికీలు తెరిచి పని మొదలుపెట్టాలి. మన ఇళ్లలో పరిచే కడప బండల మధ్య సందుల్లో నల్లటి మడ్డి దిగి ఉంటుంది. దాన్ని పుల్లతో గీకి, సబ్బు నీటితో బ్రష్ పెట్టి తోమి, కడిగిన తరువాతే బ్లీచింగ్ పౌడర్ వాడాలి. బురద మిగిలి ఉంటే అందులోని క్లోరిన్ బురద మీదే ఖర్చయిపోతుంది. 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్‌ను లీటరు నీటికి 30 గ్రాముల చొప్పున కలిపి నేలంతా తడిపి, అరగంట అలాగే వదిలేసి కడగాలి. దీన్ని దొడ్డి కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, ఒకదాని వెంట ఒకటి పోయనూ కూడదు; వెలువడే క్లోరిన్ వాయువు మూసిన బాత్రూంలో ప్రాణం మీదికి తెస్తుంది. తడిసిన పరుపులు, దిండ్లు, మూత లేని పప్పులు, బియ్యం పారేయడమే మేలు, మనసొప్పకపోయినా.

అందరూ వదిలేసేది సంప్, అంటే నేలలో కట్టిన నీటి తొట్టి. దాని మూత నేలమట్టంలోనే ఉంటే మురుగు అందులోకి దిగిందనే అనుకుని ఆ నీరు తాగడం, వంటకు వాడడం ఆపాలి. నీరంతా తోడించి, గోడలు తోమించి, మళ్లీ నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన అదే పౌడర్ కలిపి, ప్రతి కుళాయిలోనూ బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి, 12 గంటల తరువాత ఆ నీటిని పారబోసి కొత్త నీరు పట్టాలి.

పనిలో ఒంటికి గాయమైతే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పాలి. తరువాతి నాలుగు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం లేదా పచ్చబడటం కనిపిస్తే మురుగులో దిగిన సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే ఎలుక జ్వరానికి మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే కలిపి తాగుతూ ఆసుపత్రికి వెళ్లాలి.

బండలు పూర్తిగా ఆరాక సందులు సిమెంటుతో పూడ్పించి, ఇంటి పైపు వీధి లైనులో కలిసే ముందు నీటిని బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఒకటి పెట్టించండి. దాన్ని తెరిచి శుభ్రం చేసేందుకు చేయి పట్టేంత ఛాంబర్ కట్టమని మేస్త్రీకి ముందే చెప్పాలి, లేకపోతే చెత్త ఇరుక్కున్న రోజు ఆ వాల్వే అడ్డవుతుంది.