మంచం పక్కన కూర్చుని వాయించాలంటే

మన నెల్లూరు, ఒంగోలు వైపు సంగీతం నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లయ్యాకో ఉద్యోగం వచ్చాకో వయొలిన్ పెట్టెలో పడిపోతుంది, దసరాకి గుళ్లో ఒకసారి బయటికొస్తుంది, అంతే. వాళ్లలో కొందరు ఆస్పత్రిలో రోగుల దగ్గర, వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ల దగ్గర వాయించాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నా. కచేరీ చేసిన అనుభవం లేకపోయినా పర్లేదు, పది పదిహేను పాటలు శ్రుతి తప్పకుండా, కాగితం చూడకుండా వస్తే చాలు.

అన్నిటికంటే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. ఆస్పత్రి మంచం మీదున్న మనిషి దేన్నీ వద్దనలేడు. సూది వద్దనలేడు, తెల్లవారుజామున లేపి బీపీ చూస్తామంటే వద్దనలేడు, పక్క మంచం వాళ్ల టీవీ గోల వద్దనలేడు. ఆయన వద్దనగలిగేది మిమ్మల్ని మాత్రమే. అందుకే లోపలికి వెళ్లిపోయి పెట్టె తెరవకుండా గుమ్మం దగ్గరే ఆగి, "నాన్నగారూ, కాసేపు వయొలిన్ వాయించనా, ఇప్పుడు వద్దంటే తర్వాత వస్తా" అని అడగండి. వద్దంటే మొహం మాడ్చుకోకుండా సరే అని వచ్చేయండి. పక్కనున్న కొడుకు "పర్లేదు వాయించండి, ఆయన అలాగే అంటాడు" అన్నా సరే, పెద్దాయన మాటే మాట. మాట రానివాళ్లయితే మొహం చూడాలి. కనుబొమ్మలు ముడిపడినా, తల అటు తిప్పుకున్నా వద్దన్నట్టే.

ఇంకోటి. మనం చేసేది వైద్యం కాదు. సంగీత చికిత్స అనేది వేరే చదువు. దాంట్లో రోగికి ఒక లక్ష్యం పెట్టుకుని, డాక్టర్లతో కలిసి, ఎంత మార్పు వచ్చిందో రాసుకుంటూ పనిచేస్తారు. అలా చదవాలనుకుంటే పుదుచ్చేరిలో శ్రీ బాలాజీ విద్యాపీఠ్ ఉంది, మనకి మరీ దూరమేం కాదు. అమెరికాలో అయితే మంచం పక్కన వాయించేవాళ్లకే విడిగా శిక్షణ, సర్టిఫికెట్ ఉన్నాయి. మనం ఆ మనిషికి కాసేపు స్థిమితం ఇవ్వడానికి వెళ్తున్నాం. ఫలానా రాగం బీపీ తగ్గిస్తుంది, ఫలానా రాగం షుగర్ తగ్గిస్తుంది అని వాట్సాప్‌లో తిరిగే మాటలు దయచేసి రోగుల దగ్గర అనకండి. మీ మాట నమ్మి ఒక అవ్వ మాత్ర మానేస్తే ఆ పాపం మామూలుది కాదు.

అనుమతి, వేళ

వృద్ధాశ్రమంలో నిర్వాహకులని అడిగితే చాలు. పెద్దాసుపత్రిలో అయితే సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టాలి, ప్రైవేటులో మేనేజ్‌మెంట్ ఒప్పుకోవాలి. కానీ పైనుంచి అనుమతి వచ్చినా రోజూ మీకు పని పడేది ఆ వార్డు సిస్టర్‌తోనే. వెళ్లగానే ఆవిడని కలిసి ఈ రోజు ఎవరి దగ్గరికి వెళ్లొచ్చు, ఎవరి దగ్గరికి వెళ్లకూడదు అని అడగండి. ఎవరు ఆపరేషన్ నుంచి ఇప్పుడే వచ్చారో, ఎవరింట్లో గొడవలున్నాయో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

వృద్ధాశ్రమానికి సాయంత్రం టీ తర్వాత, నాలుగున్నర ప్రాంతంలో వెళ్లడం మంచిది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి పొద్దు వాలేకొద్దీ కంగారు పెరుగుతుంది, ఇంటికి పోతా అని గేటు దగ్గరికి నడుస్తారు. ఆ కంగారు మొదలయ్యేలోపు పాట మొదలైతే కొంత నయం. ఎండాకాలంలో మాత్రం ఉదయం పదిలోపు వెళ్లండి. మన రోహిణి ఎండలకి, కరెంటు పోయిన హాల్లో ఎంత మంచి పాటైనా చిరాకే తెప్పిస్తుంది.

జలుబు, దగ్గు ఉంటే ఆ రోజు వెళ్లొద్దు. ప్రతి మంచానికీ ముందూ వెనకా చేతులు శుభ్రం చేసుకోవాలి, శానిటైజర్ ఆరేదాకా రుద్దుకోవాలి. వాయిద్యం మీద చేతులు తగిలే చోటంతా తుడవాలి. పూలు, అగరుబత్తి వద్దు. ఆక్సిజన్ పెట్టినచోట దీపం గానీ బత్తి గానీ ప్రాణాల మీదకి తెస్తుంది. మంచం పక్కకి కుర్చీ లాగేముందు కిందకి చూడండి, యూరిన్ బ్యాగ్ వేలాడుతుంటుంది, ఆక్సిజన్ గొట్టం నేలమీద ఉంటుంది. తలవైపు ఉన్న ప్లగ్గులు మిషన్ల కోసం, మీ కీబోర్డు కోసం కాదు. బ్యాటరీతో నడిచేది తెచ్చుకోండి.

ఏ వాయిద్యం, ఏ శ్రుతి

గొంతు, చిన్న శ్రుతి పెట్టె ఉంటే అదే అన్నిటికన్నా మేలు. ఫోన్‌లో తంబుర యాప్ అయినా సరే, గది అవతలికి వినపడనంత మెల్లగా పెట్టుకోవాలి. వయొలిన్ బాగుంటుంది గానీ పై స్థాయికి వెళ్లకండి. వయసు మీద పడ్డాక ముందు పోయేది సన్నటి, పై స్వరాలు వినే శక్తే, చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకి ఆ స్వరాలు గీచినట్టు వినిపిస్తాయి. వేణువు అయితే పొడుగ్గా ఉండే తక్కువ శ్రుతిది తీసుకోండి, చిన్నది కీచుమంటుంది. పైగా వేణువుతో ఊపిరి బయటికొస్తుంది కాబట్టి కీమో వార్డుల్లాంటి చోట దాన్ని తీయొద్దు. వీణ నేలమీద కూర్చుని వాయించాలి, వార్డులో అది కుదరదు, ఆశ్రమం హాల్లో చాప వేస్తే దానంత హాయి ఇంకోటి లేదు. హార్మోనియం బయట వరండాకే. మృదంగం, చిడతలు, తాళాలు ఇంట్లో పెట్టి రండి.

శ్రుతి గురించి చాలామంది ఆలోచించరు. కచేరీలో ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయి, అవ్వలతో కలిసి పాడాలంటే నాలుగుకో మూడుకో దిగాలి. వయసుతో పాటు ఆడవాళ్ల గొంతు కిందకి దిగుతుంది. మీరు మీ శ్రుతిలో అందంగా పాడుకుంటూ పోతే వాళ్లు వింటూ కూర్చుంటారు, అంతకు మించి ఏమీ జరగదు. వాళ్లకి అందే శ్రుతిలో పాడితే రెండో పల్లవికే పెదాలు కదులుతాయి.

ఊపిరి చూసి వాయించడం

అసలు పని ఇక్కడే ఉంది. కూర్చోగానే మొదలుపెట్టకండి, ఒక నిమిషం దుప్పటి కదలిక చూడండి. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. భయంగా, ఆయాసంగా ఉన్నప్పుడు 25 కూడా దాటుతుంది. అలాంటి మనిషి దగ్గర నేరుగా చౌక కాలంలో, అంటే బాగా నెమ్మదిగా, నీలాంబరి లాంటి జోల రాగం మొదలుపెడితే అతకదు. మీరు ఒక లోకంలో ఉంటారు, ఆయన ఇంకో లోకంలో ఉంటాడు. ముందు ఆయన ఊపిరి వేగానికి దగ్గరగా, చిన్న చిన్న సంగతులతో, అంటే చిన్న స్వరాల ముక్కలతో మొదలుపెట్టండి, ఆయన ఊపిరి వదిలేచోట మీ సంగతి పూర్తవ్వాలి. రెండు మూడు నిమిషాలు అలా నడిచాక సంగతుల్ని కొంచెం కొంచెం సాగదీయండి. లయకి ఊపిరి, గుండె మెల్లగా సర్దుకునే గుణం మనుషుల్లో ఉంది. మనిషి ఏ స్థితిలో ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టి మెల్లగా ఇంకో స్థితికి తీసుకెళ్లే ఈ పద్ధతి సంగీత చికిత్సలో 1940ల నుంచి ఉంది. చివరికి సెకనుకి ఒక దెబ్బ చొప్పున, నిమిషానికి అరవై దగ్గర నిలబెట్టగలిగితే చాలు. ఒక్కోసారి ఊపిరి నెమ్మదించదు, ఆయాసం జబ్బు వల్ల అయితే మీ పాటకి లొంగదు. దానికి మీరు బాధపడక్కర్లేదు, సిస్టర్‌కి చెప్పండి.

ఐసీయూలో మానిటర్ మీద అంకెలు చూస్తూ వాయించే అలవాటు చేసుకోకండి, కళ్లు మనిషి మీద ఉండాలి. అలారం మోగితే వెంటనే ఆపి, కుర్చీ వెనక్కి జరిపి దారి ఇవ్వాలి.

పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నిద్రపోతే బాగా వాయించినట్టే, చప్పుడు చేయకుండా లేచి రండి. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లని మీతో కలిసి పాడమని ఉత్సాహపెట్టకండి, కుట్లు లాగుతాయి.

ఏం వాయించాలి

మనిషి పదేళ్ల వయసు నుంచి ముప్పై లోపు విన్న పాటలే చివరిదాకా గట్టిగా ఉంటాయి. ఇప్పుడు ఎనభై ఏళ్లున్నవాళ్లకి ఇరవై ఏళ్లు 1965 ప్రాంతంలో. అంటే ఘంటసాల, లీల, సుశీల గార్ల కాలం, ఆకాశవాణి విజయవాడ కేంద్రం, పొద్దున్నే భక్తిరంజని. మీకు ఇష్టమైన తొంభైల పాటలు వాళ్లకి పిల్లల పాటలు. కానీ సినిమాతోనే ఆగిపోకండి. మన జిల్లాల్లో పెద్దవాళ్ల మనసులో పౌరాణిక నాటకాల పద్యాలకి పెద్ద పీట ఉంది. రాత్రంతా బళ్లు కట్టుకుని వెళ్లి నాటకం చూసినవాళ్లు వాళ్లు. పద్యం పాడితే చివర రాగం తీయకుండా వదిలేయకండి, అది వాళ్లకి ఉప్పు లేని పప్పే. రామాలయం భజన పాటలు, నాట్ల పాటలు, ఊయల పాటలు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రెండేసి నేర్చుకోండి. ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ, పాత క్రైస్తవ కీర్తనలు చాలావరకు మన రాగాల్లోనే ఉంటాయి కాబట్టి మీకు కష్టం కాదు. నెల్లూరు కోటమిట్ట వైపు ముస్లిం పెద్దవాళ్లలో కొందరికి వాయిద్యం నచ్చకపోవచ్చు, ముందే అడగాలి. సూళ్లూరుపేట, తడ వాళ్లకి ఒక పాత తమిళ పాట వస్తే ఆ సంతోషమే వేరు. కంభం, గిద్దలూరు వైపు పెద్దవాళ్లుంటే త్యాగరాజు గారి ఇంటిపేరు కాకర్ల, వాళ్ల పూర్వీకులది కంభం దగ్గర కాకర్లే కదా అని మాట కలపండి. కీర్తన అంటే గొప్పవాళ్ల సంగీతం, మాకెందుకు అనుకునే మనిషి కూడా చెవి ఇటు పడేస్తాడు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఒక పెద్దాయన దగ్గర ఆది తాళంలో పాత కృతి పాడుతున్నప్పుడు నేను చూసింది చెప్తా. కుడి చెయ్యి దుప్పటి మీద అలాగే పడి ఉంది. ఎడమ చెయ్యి మాత్రం మంచం కమ్మీ మీద ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు వరసగా ఆనించింది. ఆది తాళం లెక్క మొదలయ్యేది అలాగే. నేను చరణంలోకి వెళ్లకుండా పల్లవే తిప్పి తిప్పి పాడాను, ఆయన ఆ లెక్క వదల్లేదు. నేను ఆపితే గొంతులోంచి పల్లవి మొదటి మాట వచ్చింది, ముద్దగానే, కానీ శ్రుతిలో. మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుంది, ఎందుకంటే మాటకీ పాటకీ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావు. అలాంటిది కనిపిస్తే ఇంట్లోవాళ్లకి, స్పీచ్ థెరపిస్ట్‌కి చెప్పండి, మీరే వైద్యం మొదలుపెట్టకండి.

వాయించకూడనివి కూడా ఉన్నాయి. ఘంటసాల గారి భగవద్గీత ఎంత గొప్పదైనా వార్డులో వద్దు. మన ఊళ్లలో ఎవరైనా పోతే మైకులో పెట్టేది అదే, వినగానే అందరి గుండె జారిపోతుంది. తత్వాలు వాళ్లు అడిగితే తప్ప పాడకండి. కచేరీ అలవాటుకొద్దీ చివర మంగళం పాడకండి. ఆపేటప్పుడు స్వరం మెల్లగా తగ్గించి, "మళ్లీ వస్తానమ్మా" అని లేవండి.

ఎవరైనా ఏడిస్తే టెన్షన్ పడి వెంటనే హుషారు పాటలోకి మారకండి. గొంతు తగ్గించి, ఆగి, "ఆపమంటారా, పాడమంటారా" అని అడగండి. ఎక్కువమంది పాడమనే అంటారు.

చివరి ఘడియల్లో

దీనికి తొందరపడకండి, ఏడాది పైన అనుభవం వచ్చాకే వెళ్లండి. ఇక్కడ పద్ధతి తిరగబడుతుంది. తెలిసిన పాటలు, గట్టి తాళం వద్దు, అవి మనిషిని ఇటువైపు లాగుతాయని ఈ పనిలో ఉన్నవాళ్లు అంటారు. తంబుర మీద తాళం లేని ఆలాపన, మధ్యలో చాలాసేపు మౌనం, అంతే. ఊపిరి ఆగి ఆగి వస్తుంది, దాన్ని వెంబడించకండి. స్పృహ లేదు కదా అని పక్కన ఏదిపడితే అది మాట్లాడొద్దు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, స్పందన లేని స్థితిలో ఉన్న కొందరి మెదడు కూడా చివరి గంటల్లో శబ్దాలకి స్పందించింది. ఇంట్లోవాళ్లు నామం చెప్పుకోవాలన్నా, ప్రార్థన చేసుకోవాలన్నా, ఖురాన్ చదువుకోవాలన్నా మీరు ఆపి బయటికి రావాలి. ఆ గది వాళ్లది.

ఇక ఫోన్లు. బంధువులు వీడియో తీస్తామంటే వద్దని నచ్చజెప్పండి, మీరైతే అసలు తీయొద్దు. నలిగిన నైటీలో, ముక్కుకి గొట్టంతో ఉన్న మనిషిని స్టేటస్‌లో పెట్టే హక్కు మనకి లేదు. ఎవరికి ఏం జబ్బో బయట చెప్పకూడదు. డబ్బులు చేతిలో పెడితే తీసుకోకండి, ఆశ్రమంలో అవ్వ దాచుకున్న అరటిపండు ఇస్తే మాత్రం తీసుకోండి. ఇంటికొచ్చాక ఒక చిన్న పుస్తకంలో పేర్లు లేకుండా మూడో మంచం, పద్యాలు ఇష్టం, ఎడమ చెవి వినపడదు, ఈసారి కుడివైపు కూర్చోవాలి అన్నట్టు రాసి పెట్టుకోండి. వారం తిరిగాక మీరు అడక్కుండానే కుడివైపు కుర్చీ వేసుకుంటే ఆ పెద్దాయనకి తెలుస్తుంది.