జో పూల్ రిజర్వాయరులో గాలం వేయాలంటే: టెక్సస్ ఫిషింగ్ లైసెన్స్ దరఖాస్తు విధానం

డల్లాస్‌కు నైరుతి శివారులో ఉన్న జో పూల్ రిజర్వాయరులో నీళ్ళు ఒకటే, నిబంధన మాత్రం గట్టును బట్టి మారుతుంది. తూర్పు ఒడ్డున సీడార్ హిల్ స్టేట్ పార్కు ఉంది. దాని హద్దులోపల గట్టు మీద గానీ, పియర్ (నీళ్ళలోకి చొచ్చుకెళ్ళే కట్టడం) మీద గానీ నిలబడి గాలం వేస్తే లైసెన్సు అక్కర్లేదు. లిన్ క్రీక్ పార్కు, లాయిడ్ పార్కుల నుంచి వేస్తే మాత్రం కావాలి. అవి గ్రాండ్ ప్రెయిరీ నగరం నడిపే పార్కులు, మినహాయింపు స్టేట్ పార్కులకే. స్టేట్ పార్కు నుంచే పడవ దింపి నీళ్ళ మధ్యకు వెళ్ళినా లైసెన్సు ఉండాల్సిందే. ఈ తేడా తెలియకపోతే జరిమానా పడవచ్చు.

కాబట్టి దరఖాస్తుకు ముందు ఎక్కడ నిలబడతారో తేల్చుకోండి. స్టేట్ పార్కు గట్టు చాలనుకుంటే కావలసింది పార్కు ప్రవేశం ఒక్కటే. దానికి డే పాస్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఎండ బాగున్న శనివారాల్లో పార్కు నిండిపోయి గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. 12 ఏళ్ళలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు.

లైసెన్సు ఇచ్చేది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ. 17 ఏళ్ళు నిండని పిల్లలకూ, 1931 జనవరి 1కి ముందు పుట్టినవారికీ అవసరం లేదు. ఏటా జూన్ మొదటి శనివారం ఎవరికీ అవసరం లేదు.

ఫారంలో తికమక పెట్టేది "రెసిడెంట్" ప్రశ్న. దరఖాస్తుకు ముందు వరుసగా ఆరు నెలలకు పైగా టెక్సస్‌లో నివసించి ఉంటేనే రెసిడెంట్. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు 65 దాటినవారే అయినా, సీనియర్లకిచ్చే 12 డాలర్ల మంచినీటి ప్యాకేజీ (ఫ్రెష్‌వాటర్, అంటే ఉప్పునీరు కాని చెరువులు, నదుల్లో చేపలు పట్టడానికి) వారికి వర్తించదు. అది రెసిడెంట్లకే. వారికి నాన్ రెసిడెంట్ ఒకరోజు లైసెన్సు 16 డాలర్లు, ఏడాది మంచినీటి ప్యాకేజీ 58 డాలర్లు. ఒకటి రెండు సార్ల సరదా కోసమైతే వారిని స్టేట్ పార్కు గట్టుకు తీసుకెళ్ళడమే తెలివైన పని. రెసిడెంట్లకు మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు, ఒకరోజుది 11. రిజర్వాయరుకే వెళ్ళేవారు 40 డాలర్ల "ఆల్ వాటర్" ప్యాకేజీ కొనక్కర్లేదు. అది గాల్వెస్టన్ లాంటి సముద్రతీరానికి కూడా వెళ్ళేవారికి.

కొనడానికి మూడు దారులు: శాఖ వెబ్‌సైటు, ఫోన్, లేదా క్రీడాసామాగ్రి దుకాణాల్లోని లైసెన్సు కౌంటరు. మొదటి రెండింటికీ 5 డాలర్ల అదనపు రుసుము ఉంది, కౌంటరులో లేదు. డ్రైవర్ లైసెన్సు, పుట్టిన తేదీ, చిరునామాతోపాటు సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా అడుగుతారు. చేపలకూ దానికీ ఏమిటి సంబంధమని అనిపించవచ్చు. పిల్లల పోషణ బకాయిల వసూలు కోసం ఫెడరల్ చట్టం పెట్టిన షరతు అది.

వివరాలు నింపాక, డబ్బు కట్టేముందు గడువు తేదీ చూడండి. లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకే, మీరు ఎప్పుడు కొన్నా సరే. జూలైలో 30 డాలర్లు పెడితే రెండు నెలలు కూడా రాదు, డబ్బు వాపసూ ఉండదు. కొత్త సంవత్సరం లైసెన్సులు ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. కొన్న రోజు నుంచి ఏడాది నడిచే ఆల్ వాటర్ ప్యాకేజీ ఒకటి ఉంది, రెసిడెంట్లకు 47 డాలర్లు. వేసవి మధ్యలో మొదలుపెట్టి ఏడాదంతా వెళ్ళేవారికి అదే లాభం. చెల్లింపు రసీదు ఈమెయిల్‌కు వస్తుంది. దాన్ని ఫోన్లో భద్రపరచి, డ్రైవర్ లైసెన్సుతో పాటు దగ్గర ఉంచుకోండి. గేమ్ వార్డెన్ (వేట, చేపల నిబంధనలు అమలుచేసే అధికారి) రెండూ అడుగుతారు.

లైసెన్సు ఉన్నా పట్టిందంతా ఇంటికి తెచ్చుకోవడానికి లేదు. లార్జ్‌మౌత్ బాస్ అనే చేప 14 అంగుళాలకు తక్కువైతే వదిలేయాలి, రోజుకు ఐదే. క్రాపీ చేప కనీసం 10 అంగుళాలు ఉండాలి, రోజుకు 25. ఛానెల్, బ్లూ క్యాట్‌ఫిష్ రెండూ కలిపి 25, వాటిలో 20 అంగుళాలు అంతకు మించినవి పదికి మించకూడదు. కొలిచే పట్టీ లేకుండా వెళితే కంటి అంచనా దాదాపు ఎప్పుడూ మనకు అనుకూలంగానే వస్తుంది! స్టేట్ పార్కు పియర్ మీద ఒక్కొక్కరికి రెండు గాలపు కర్రలే. విసురువల 14 అడుగుల వ్యాసం దాటకూడదు, అందులో బాస్ లాంటి గేమ్ ఫిష్ పడితే నీళ్ళలోకే. ఇక కొరమీను మీద ఆశ పెట్టుకోకండి. అది స్నేక్‌హెడ్ జాతి చేప, ఆ జాతి మొత్తం టెక్సస్‌లో నిషిద్ధం.

తిరుగు ప్రయాణంలో చేపల్ని పడవలో రిజర్వాయరు నీళ్ళ బకెట్లో బతికించి తేవడం కూడా తప్పే. జీబ్రా మస్సెల్ అనే హానికరమైన ఆల్చిప్పల పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి, ఆ నీళ్ళతోనే మరో చెరువుకు చేరిపోతాయి. అందుకే పడవలోని నీళ్ళు, బకెట్లోని నీళ్ళు అక్కడే పారబోసి, చేపల్ని ఐసు పెట్టెలో వేసుకుని బయల్దేరాలి.