అర్ధరాత్రి ఆగే హీటరు, తెల్లారేసరికి గడ్డకట్టే పైపు: క్యారవాన్‌లో చలికాలపు సమస్యలు - పరిష్కారాలు

విశాఖ నుంచి చలికాలంలో క్యారవాన్ తీసేవాళ్ళు రెండు రకాలు. లంబసింగి, వంజంగి, అరకు వెళ్ళి ఒకటి రెండు రాత్రులుండి వచ్చేవాళ్ళు ఒక రకం. మనాలి, స్పితి, లేహ్ దాకా బండి తోలేవాళ్ళు ఇంకో రకం. మొదటి రకానికి పైపులు గడ్డకట్టే బెడద దాదాపు లేదు. లంబసింగిలో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుందని కంగారుపడక్కర్లేదు. తెల్లవారుజామున కాసేపు సున్నా దగ్గరికి వెళ్ళి రావడం వేరు, పైపులో నీళ్ళు గట్టిపడేంతసేపు సున్నాకి బాగా కింద ఉండటం వేరు. వాళ్ళ గొడవంతా హీటరుతోనూ, లోపల పట్టే తడితోనూ. హిమాలయాలకి వెళ్ళేవాళ్ళకి వీటికి తోడు పైపులు.

12 వోల్టుల మీద నడిచే డీజిల్ ఎయిర్ హీటరు ఉన్న బళ్ళ గురించే ఇక్కడ చెప్పేది. హీటరు వాడటం, పంపు ప్రైమ్ చేయడం (లైనులో గాలి తీసి డీజిల్ నింపడం) తెలుసనుకుందాం.

సాయంత్రం వెలిగింది, రాత్రి రెండింటికి ఆగింది, మళ్ళీ వెలగదు

అందరి నోటా వచ్చే ఫిర్యాదు ఇదే. కంట్రోలర్ మీద లో-వోల్టేజీ కోడ్ వస్తుంది, లేదంటే రెండుసార్లు ప్రయత్నించి 'మంట రాలేదు' అనే కోడ్ చూపించి ఊరుకుంటుంది. కోడ్ నంబర్లు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మీ మాన్యువల్ చూసుకోండి. మన జనం వెంటనే చేసేదేమిటంటే, కొత్త బ్యాటరీ కొనడం. అది కుదరకపోతే గ్లో ప్లగ్ (కరెంటుతో ఎర్రగా కాలి డీజిల్‌ని అంటించే చిన్న కడ్డీ), తర్వాత ఫ్యూయల్ పంపు. మూడూ మార్చి, జేబు ఖాళీ అయ్యాక, అదే కొండ మీద అదే వేళకి హీటరు మళ్ళీ ఆగిపోతుంది. మీటరు పెట్టి చూసేవాళ్ళే తక్కువ. ఆ చూసేవాళ్ళు కూడా బ్యాటరీ దగ్గర చూసి "12.4 ఉంది, బ్రహ్మాండం" అనుకుంటారు. చూడాల్సింది అక్కడ కాదు. హీటరు ప్లగ్గు దగ్గర చూడాలి, అదీ గ్లో ప్లగ్ వేడెక్కుతున్న ఆ నిమిషంలోనే.

అసలు దొంగ బ్యాటరీకీ హీటరుకీ మధ్య ఉన్న కనెక్షన్లలో ఉంటాడు. హీటరు ఒకసారి వెలిగాక ఫ్యానుకీ పంపుకీ కలిపి ఒకటి నుంచి మూడు ఆంపియర్లు చాలు. వెలిగించేటప్పుడు మాత్రం గ్లో ప్లగ్ ఒక్కటే 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. ఎక్కడో ఒక లగ్గులో (వైరు చివర బోల్టుకి బిగించే లోహపు ముక్కలో) 0.1 ఓమ్ అడ్డు ఉందనుకోండి. 2 ఆంపియర్లకి అక్కడ పోయేది 0.2 వోల్టు, ఎవరికీ కనపడదు. 10 ఆంపియర్లకి పోయేది ఒక వోల్టు. ఇలాంటివి రెండు చోట్ల ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చాలా హీటర్లు 10.5 వోల్టుల దగ్గర చేతులెత్తేస్తాయి.

మన ఊరి బళ్ళకి ఇది మరీ ఎక్కువ. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఏడాది పొడుగునా ఆరుబయట నిలబెట్టిన బండిని ఉప్పుగాలి వదలదు. ముందు పోయేది చాసిస్‌కి, అంటే బండి ఇనుప చట్రానికి, మైనస్ వైరుని బిగించిన ఎర్త్ బోల్టు. పైకి చూస్తే బిగుతుగానే ఉంటుంది, స్పానర్ వేసినా తిరగదు. విప్పి చూస్తే లగ్గు కింద గోధుమరంగు పొడి, దాని కింద ఎప్పుడూ గీకని పెయింటు. తర్వాతి వంతు ఫ్యూజు హోల్డర్‌ది. ఫ్యూజు బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకునే క్లిప్పులు పచ్చగా మారి పట్టు వదిలేస్తాయి. మూడోది వైరే. లగ్గు దగ్గర ఇన్సులేషన్ కాస్త వెనక్కి తీస్తే రాగి పోగులు నల్లగా ఉంటాయి.

ఇంత తేలికైన లోపం విశాఖలో ఎందుకు దొరకదు? ఎందుకంటే మెకానిక్ పగలు చూస్తాడు, ఇంజన్ ఆన్‌లో పెట్టి చూస్తాడు. ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తుంటే దారిలో 1.5 పోయినా హీటరుకి 12.5 అందుతుంది. ఠపీమని వెలుగుతుంది. "బానే ఉంది సార్" అంటాడు, ఆయన చూసినంతవరకు అది నిజమే. అదే రాత్రి రెండింటికి ఇంజన్ లేదు, సోలార్ లేదు, ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తోంది, చలికి లెడ్ యాసిడ్ బ్యాటరీ సత్తువ కూడా తగ్గింది. లోడు పడగానే బ్యాటరీ దగ్గరే 11.9. అందులో 1.5 తీసేయండి. హీటరుకి చేరింది 10.4. కోడ్ వచ్చేసింది. వేడి సరిపోగానే ఆరిపోయి మళ్ళీ వెలిగే స్టార్ట్-స్టాప్ మోడ్‌లో పెట్టి పడుకునేవాళ్ళకి ఇది ఇంకా ముందే తగులుతుంది, ఎందుకంటే వెలిగిన ప్రతిసారీ గ్లో ప్లగ్ పని చేయాల్సిందే.

తేల్చుకోవడం ఇలా. ఇంజన్ ఆపండి, సోలార్ తీసేయండి. ఫ్యాన్లు, లైట్లు ఓ పావుగంట వేసి ఉంచితే బ్యాటరీ మీద పైపైన ఉన్న చార్జీ దిగుతుంది. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి హీటరు ఆన్ చేయండి. గ్లో మొదలవగానే ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద (లగ్గు మీద కాదు, సీసం పోస్టు మీదే), రెండోది హీటరు ప్లగ్గులోని ప్లస్ పిన్ను మీద పెట్టండి. మీటరు చూపించేది ప్లస్ దారిలో పోతున్న వోల్టేజీ. 0.25 లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే అక్కడ ఏదో ఉంది. మైనస్ వైపు కూడా ఇలాగే చూడండి, చాలాసార్లు అసలు నష్టం అక్కడే బయటపడుతుంది. ఇప్పుడు బ్యాటరీ మీది ప్రోబు కదపకుండా, రెండోదాన్ని హీటరు నుంచి వెనక్కి జాయింటు జాయింటుకీ జరపండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, లోపం మీరు అప్పుడే దాటొచ్చిన జాయింటులో ఉంది.

పరిష్కారంలో పొదుపు చూడొద్దు. ప్లస్, మైనస్ రెండూ బ్యాటరీ నుంచి హీటరుకి నేరుగా లాగండి, చాసిస్ ఎర్త్ నమ్ముకోవద్దు. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరులో రానూపోనూ కలిపి 10 ఆంపియర్లకి 0.7 వోల్టు పోతుంది. 6 స్క్వేర్ వేస్తే 0.3. టిన్ పూత ఉన్న రాగి వైరు దొరికితే అదే వేయండి, ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లకి వైరింగ్ చేసేవాళ్ళని అడిగి చూడండి. లగ్గుల్ని కటింగ్ ప్లేయరుతో నొక్కితే చాలదు, క్రింపింగ్ టూలుతో నొక్కించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. నల్లబడ్డ రాగిని వెనక్కి కోసుకుంటూ మెరిసే రాగి వచ్చేదాకా వెళ్ళండి. రాకపోతే వైరు మొత్తం మార్చండి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా, మూత ఉన్న బ్లేడు హోల్డర్‌లో, హీటరు కంపెనీ చెప్పిన రేటింగుతో ఉండాలి. బిగించాక పైన వాజలిన్ రాయండి, బిగించకముందు కాదు. మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు ఎక్కడ కనబడినా పీకేయండి.

ఇంకో మాట. హీటరుని మెయిన్ స్విచ్చితో ఆపకండి. కంట్రోలర్‌లో ఆఫ్ చేశాక కూడా అది కొన్ని నిమిషాలు ఫ్యాను తిప్పి చల్లబడుతుంది. మధ్యలో కరెంటు తీసేస్తే లోపల మసి పడుతుంది, వేడికి ప్లాస్టిక్ భాగాలు దెబ్బతింటాయి.

వోల్టేజీ సరిగ్గానే ఉంది, అయినా వెలగదు, లేదా తెల్లటి పొగ

ముందు డీజిల్ చూడండి. బండి ట్యాంకు నుంచే హీటరుకి లైను తీసి ఉంటే, పావు ట్యాంకు కిందకి దిగాక అది గాలి పీలుస్తుంది. ఇంజన్‌కి మిగలాలని ఆ గొట్టాన్ని పైన ఆపుతారు. విడిగా 5 లేదా 10 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవాళ్ళది మరో తంటా. బండి ట్యాంకులో విశాఖ డీజిల్ ఒడిశా దాటేలోపే అయిపోతుంది, హీటరు ట్యాంకులోది మాత్రం ఇంటి దగ్గర నింపిందే స్పితి దాకా అలాగే ఉంటుంది. మామూలు డీజిల్‌కి భారతీయ ప్రమాణం ప్రకారం పోర్ పాయింట్ (డీజిల్ ఇంకా పారగలిగే కనిష్ఠ ఉష్ణోగ్రత) చలికాలంలో గరిష్ఠంగా 3 డిగ్రీలు, వేసవిలో 15. అంటే విశాఖలో వేసవిలో పోసింది అక్కడ మైనంలా పేరుకుని ఫిల్టరుని మూసేస్తుంది. బయల్దేరేముందు ఆ చిన్న ట్యాంకు ఖాళీ చేసి, కొండలెక్కాక అక్కడి బంకులో నింపండి. లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల పోర్ పాయింట్ ఉన్న వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చింది. అక్కడికి వెళ్తే అదే అడగండి.

ఎత్తు కూడా లెక్కే. స్పితిలోని కాజా, లడఖ్‌లోని లేహ్ ఊళ్ళు 3,500 మీటర్ల పైన. గాలి పలచన, డీజిల్ మాత్రం అంతే పడుతుంది, మంట మసిబారుతుంది. ఆల్టిట్యూడ్ మోడ్ ఉంటే వేయండి, లేకపోతే పంపు వేగం తగ్గించండి. అరకు, లంబసింగి సుమారు వెయ్యి మీటర్లే, అక్కడ ఈ సాకు చెల్లదు. రాత్రంతా కనిష్ఠంలో నడిపినా మసి పడుతుంది కాబట్టి పొద్దున్నే ఓ ఇరవై నిమిషాలు ఫుల్ మీద నడపండి.

పొద్దున్న కుళాయిలో నీళ్ళు రావు

ముందు పంపు స్విచ్ ఆపండి. గడ్డకట్టిన లైను మీదికి పంపు తోస్తూనే ఉంటే, ఎక్కడో పగిలిన చోట కరిగాక వరద వస్తుంది. కుళాయి తెరిచి ఉంచి, కుళాయి వైపు నుంచి వెనక్కి వెచ్చబెట్టుకుంటూ రండి. వేణ్ణీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చాలు. హెయిర్ డ్రయర్ వెయ్యి వాట్లదైనా 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90 ఆంపియర్ల దాకా లాగుతుంది, హీటరుకే కరెంటు చాలని రోజున అది పని కాదు. బ్లో ల్యాంపు జోలికి అసలు పోవద్దు.

గడ్డకట్టేది ఎక్కువగా ట్యాంకుకీ పంపుకీ మధ్య, ఫ్లోరు కింద బయటికి కనబడే ఆ మూర పొడుగు ముక్కలోనే. మన దగ్గర ఇళ్ళకి వేసినట్టే సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపు వేసేస్తారు. నీరు గడ్డకడితే 9 శాతం దాకా వ్యాకోచిస్తుంది, సీపీవీసీ చలికి పెళుసుబారి ఉంటుంది, ఎల్బో దగ్గర చిట్లుతుంది. నల్ల ఫోమ్ తొడుగు వేశాం కదా అంటారు. ఫోమ్ వేడి పుట్టించదు, ఉన్న వేడిని కాసేపు ఆపుతుందంతే. వేడి చేరాలంటే హీటరు డక్టుకి (వేడిగాలి గొట్టానికి) ఒక వై-ముక్క వేసి, ఒక పాయ పంపూ పైపులూ ఉన్న అరలోకి పంపాలి. సింకు కింద తలుపులు రాత్రి తెరిచి ఉంచాలి.

వాడిన నీళ్ళ ట్యాంకు వాల్వు తెరిచి కింద బకెట్ పెట్టండి. మూసే ఉంచాల్సివస్తే 20 లీటర్ల నీళ్ళకి 2 కిలోల రాళ్ళుప్పు వేస్తే మైనస్ 5 వరకు భయం లేదు. బండి కూలెంట్ మాత్రం పోయకండి, అది విషం, ఆ నీళ్ళు తాగిన కుక్క బతకదు.

డ్రెయిన్ చేసినా పగిలింది

పైపు ఎక్కడో ఉయ్యాలలా జారి, ఆ గుంటలో గ్లాసెడు నీళ్ళు మిగిలాయన్నమాట. అరమీటరుకో క్లిప్పు వేసి, మీటరుకి ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు డ్రెయిన్ వైపు ఇవ్వండి. డ్రెయిన్ చేసేటప్పుడు మిక్సర్ కుళాయిల్ని వేడి-చల్ల మధ్యలో పెట్టి తెరవండి, ఒక్క వైపే తెరిస్తే రెండో వైపు నీళ్ళు అలాగే ఉంటాయి. షవర్ గొట్టం నేలమీద పెట్టండి, ఫిల్టరు గిన్నె విప్పండి, గీజరు ప్లగ్గు తీయండి, చివర పంపుని అర నిమిషం వట్టిగా తిప్పండి. టైర్ ఇన్‌ఫ్లేటరుతో గాలి కొట్టేవాళ్ళు 30 పీఎస్ఐ దాటొద్దు.

హీటరు నడుస్తోంది, అయినా వణుకు, పక్క తడి

ముందు హీటరు గాలి ఎక్కడ పీలుస్తోందో చూడండి. వేడిచేసే గాలిని బయట నుంచి లాగేలా బిగిస్తే రాత్రంతా లోకాన్ని వేడిచేస్తున్నట్టే. లోపలి గాలినే మళ్ళీ తిప్పాలి. మండించడానికి పీల్చే గొట్టం, పొగ గొట్టం రెండూ బయటే ఉండాలి, మంచు పడిన రాత్రి పొగ గొట్టం మూతి మూసుకుపోకుండా చూసుకోవాలి. ముందు అద్దానికి లోపల మందపాటి తెర వేయకపోతే వేడంతా అటే పోతుంది.

తడి సంగతి: ఇద్దరు పడుకుంటే ఊపిరితో, చెమటతో అర లీటరు నీరు గాల్లో చేరుతుంది. గ్యాసు పొయ్యి వెలిగించి వెచ్చబడదామనుకుంటే, కిలో ఎల్పీజీ మండితే ఒకటిన్నర లీటర్లకి పైగా నీటి ఆవిరి వస్తుంది, అదంతా అద్దాల మీదా పరుపు కిందా చేరుతుంది. రూఫ్ వెంటు రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచండి, చలి వస్తుందని మూయొద్దు. కుంపటి లోపల పెట్టుకునేవాళ్ళు లంబసింగిలో ఇప్పటికీ కనబడతారు. మూసిన బండిలో బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే చంపుతుంది, వాసన కూడా రాదు. డీజిల్ హీటరు ఉన్నా సరే, తలగడ ఎత్తులో ఒక సీవో అలారం ఉండాల్సిందే.

మిగతావి, త్వరగా

పొద్దున్న ఎండ వచ్చినా లిథియం బ్యాటరీ చార్జి ఎక్కదంటే పాడవలేదు. సెల్స్ సున్నా కన్నా చల్లగా ఉంటే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చార్జింగ్ ఆపుతుంది, ఆపడమే మంచిది. బ్యాటరీని క్యాబిన్ లోపలికి మార్చండి. చిన్న బ్యూటేన్ డబ్బా స్టవ్వు వెలగదంటే, బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీలకే ఆవిరవడం మానేస్తుంది, డబ్బా కాసేపు దుప్పట్లో పెట్టుకోండి. గ్లో ప్లగ్ చుట్టూ ఉండే జాలీ మసితో మూసుకుపోవడం, ఫ్లేమ్ సెన్సర్ (మంట ఉందో లేదో చూసేది) పోవడం ఉంటాయి. కంట్రోల్ బోర్డు పోవడం చాలా అరుదు. పైవన్నీ అయ్యాక దాని సంగతి చూడండి.